కర్నూలు, కడప జిల్లాల్లో తపాలా: ధరలు, సేవలు, ముందున్న కాలం

రాయలసీమలో వర్షాధార భూములు ఎక్కువగా ఉన్న పాత కర్నూలు, కడప జిల్లాలు తపాలా శాఖ కర్నూలు రీజియన్‌ కిందికి వస్తాయి. ఈ రీజియన్‌లో కర్నూలు, నంద్యాల, కడప, ప్రొద్దుటూరు డివిజన్లతో పాటు అనంతపురం, హిందూపురం, చిత్తూరు, తిరుపతి వైపు డివిజన్లు కూడా ఉన్నాయి. రైలు టపాను వేరుచేసి పంపే ఆర్‌ఎంఎస్‌ ‘ఏజీ’ డివిజన్‌ గుంతకల్లులో ఉంది. 1972 ఆగస్టు 15న పిన్‌కోడ్‌ వచ్చినప్పుడు కడప ప్రాంతానికి 516, కర్నూలు ప్రాంతానికి 518 అంకెలు దక్కాయి. 2022లో జిల్లాలు విడిపోయినా ఆ అంకెలు మారలేదు. రాజంపేట ఉత్తరం ఇవాళ్టికీ 516115 మీదే చేరుతుంది, నంద్యాల ఉత్తరం 518501 మీద.

ఊరికీ ఊరికీ మధ్య దూరం ఎక్కువ, జనం పలుచన, డబ్బు అంతకంటే పలుచన. ఇలాంటి నేల మీద ఉత్తరం మోయడం ఏ కాలంలోనూ లాభసాటి పని కాదు. అయినా ఇక్కడ తపాలా నిలిచిందంటే అందుకు కారణం ఒక సూత్రం: ఎంత దూరమైనా ఒకే ధర. ఇటీవలి ధరల మార్పుల్లో దెబ్బ తగిలింది ఆ సూత్రానికేనని ఈ వ్యాసకర్త అభిప్రాయం. పోస్టుకార్డు ధర కదలలేదు. కార్డుకు పైన పేదవాడికి అందుబాటులో ఉన్న మెట్లు మాత్రం ఒక్కొక్కటిగా పోతున్నాయి.

దూరానికో ధర ఉన్న రోజులు

ఏనుగుల వీరాస్వామయ్య 1830 మేలో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరి తిరుపతి, కడప, అహోబిలం, శ్రీశైలం దారిన హైదరాబాదు చేరాడు. దారిలో చూసిందంతా మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళెకు రాసి పంపుతూ వచ్చాడు. తెలుగులో తొలి యాత్రాగ్రంథాల్లో ఒకటైన ‘కాశీయాత్ర చరిత్ర’ ఆ రాతల నుంచే పుట్టింది. అప్పట్లో టపా సంచిని భుజాన వేసుకుని మజిలీ నుంచి మజిలీకి పరుగెత్తే బంట్లు ఉండేవారు. కంపెనీ ప్రభుత్వం 1837లో చట్టం చేసి ఉత్తరాల మోత హక్కు తన చేతిలోకి తీసుకుంది. ధర మాత్రం దూరాన్ని బట్టే ఉండేది. కలకత్తా నుంచి బొంబాయికి తులం బరువు ఉత్తరానికి ఒక రూపాయి, ఆగ్రాకు పన్నెండు అణాలు. ఆ రూపాయి కూలివాడి సంపాదనలో ఎన్ని రోజులదో లెక్క వేసుకుంటే, ఉత్తరం ఎవరి సొత్తుగా ఉండేదో తెలుస్తుంది.

కడపకు ఈ చరిత్రలో ఇంకో పాత్ర ఉంది. 1820లో కడపకు ఉద్యోగిగా వచ్చి ఇక్కడే తెలుగు నేర్చుకుని, బంగళా కొని, పండితులను కూర్చోబెట్టి తాళపత్రాలకు శుద్ధప్రతులు రాయించిన చార్లెస్‌ ఫిలిప్‌ బ్రౌన్‌ 1846లో మద్రాసు పోస్టుమాస్టరు జనరల్‌ అయ్యాడు. బ్రౌన్‌ పరిశోధనకు ఉత్తరమే ప్రాణం. తాను ఒక ఊళ్ళో ఉంటే పండితులు ఇంకో ఊళ్ళో, ప్రతులు మరో ఊళ్ళో ఉండేవి. ఆయనకు పండితులు రాసిన జాబులు ఆనాటి తెలుగు వాడుకకూ సాహిత్య చరిత్రకూ విలువైన ఆధారాలు. ఆయన బంగళా ఉన్నచోటే ఇప్పుడు కడపలో ఆయన పేర భాషా పరిశోధన కేంద్రం, గ్రంథాలయం నడుస్తున్నాయి. బ్రౌన్‌ను నిఘంటుకారుడిగా తలుచుకునే కడపవాసులు తపాలా అధికారిగా తలుచుకోవడం అరుదు. నా మటుకు నాకు ఆ రెండు పనులూ ఒకదానికొకటి దగ్గరివే.

1854లో డల్హౌసీ హయాంలో కొత్త తపాలా చట్టం వచ్చింది. ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి పావు తులం ఉత్తరానికి దేశంలో ఎక్కడికైనా అర్ధణా. దూరాల పట్టికలు చెల్లిపోయాయి, అణా, అర్ధణా తపాలా బిళ్ళలు వచ్చాయి. ఇంగ్లండులో రోలండ్‌ హిల్‌ 1840లో పెన్నీ పోస్టుతో చూపిన దారే ఇది. హిల్‌ వాదన సూటిగా ఉండేది: ఉత్తరం మీద అయ్యే ఖర్చులో దూరం పాలు తక్కువ, తీసుకోవడానికీ ముద్ర కొట్టడానికీ పంచడానికీ అయ్యేదే ఎక్కువ. కాబట్టి దూరాన్ని బట్టి వసూలు చేయడంలో న్యాయం లేదు. కర్నూలు జిల్లా ఆలూరు మనిషికీ మద్రాసు మనిషికీ ఒకే బిళ్ళ సరిపోవడం వెనక ఉన్న తర్కం ఇదే.

తర్వాత రైలు వచ్చింది. రేణిగుంట, కడప, ఎర్రగుంట్ల, గుత్తి, గుంతకల్లు, ఆదోని మీదుగా రాయచూరు దాకా సాగిన మద్రాసు రైలుమార్గం 1871లో బొంబాయి వైపు లైనుతో కలిసింది. ఆ దారి పొడవునా ఉన్న ఊళ్ళకు టపా వేగం రోజుల నుంచి గంటలకు దిగింది. రైలుకు ఎడంగా ఉన్న నల్లమల అంచు ఊళ్ళకూ, రాయచోటి వైపు పల్లెలకూ మాత్రం చాలాకాలం బంటు కాళ్ళే దిక్కు. ఆ తర్వాత సైకిలు, ఆర్టీసీ బస్సు వచ్చాయి.

కార్డు, మనియార్డరు, వీపీపీ

పోస్టుకార్డు 1879 జూలై 1న కాణీ ధరకు, అంటే పావు అణాకు వచ్చింది. సరుకు అందుకునేటప్పుడు డబ్బు కట్టే వీపీపీ అంతకు రెండేళ్ళ ముందే ఉంది. మనియార్డరు 1880లో, సేవింగ్స్‌ బ్యాంకు 1882లో తపాలా చేతికి వచ్చాయి. ఈ నాలుగూ ధాత కరువు (1876–78) కాలంలోనూ దాని వెనువెంటనూ రావడం గమనించాలి. ఆ కరువులో కర్నూలు, బళ్ళారి, కడప జిల్లాలు ఘోరంగా నష్టపోయాయి. కరువు కోసమే వీటిని పెట్టారని చెప్పలేం. కరువు నేలకు ఇవి ఎంతగా పనికొచ్చాయో మాత్రం తర్వాతి నూరేళ్ళు చెబుతాయి.

మనియార్డరు సంగతి చూడండి. కోసిగి, మంత్రాలయం, ఆలూరు, పత్తికొండ ప్రాంతాల నుంచి జనం సుగ్గికి, అంటే పనుల కోసం వలస, పోతారు. గుంటూరు మిరప చేలకు, బెంగళూరు కట్టడాల పనికి, ముంబైకి కుటుంబాలకు కుటుంబాలే తరలిపోతాయి. ఇంటి దగ్గర ముసలివాళ్ళూ బడి పిల్లలూ మిగులుతారు. బ్యాంకు ఖాతాలు లేని రోజుల్లో వాళ్ళకు చేరిన డబ్బు పోస్టుమ్యాను చేతి మీదుగానే చేరింది. వందకు ఐదు రూపాయల కమిషను. మనియార్డరు ఫారం అడుగున చిన్న గడి ఉండేది, అందులో నాలుగు మాటలు రాసుకోవచ్చు. డబ్బు అందిన మనిషి వేలిముద్ర వేసిన చీటీ పంపినవాడికి తిరిగి వెళ్ళేది, అదే రసీదు, అదే క్షేమసమాచారం. పాతపద్ధతి మనియార్డరు 2015 ఏప్రిల్‌లో ఆగిపోయి ఎలక్ట్రానిక్‌ రూపం మిగిలింది. టెలిగ్రాం అంతకు ముందే, 2013 జూలైలో ముగిసింది.

కడప జిల్లాకు ఇంకో వలస ఉంది, గల్ఫుది. రాజంపేట, రాయచోటి, రైల్వే కోడూరు, బద్వేలు ప్రాంతాల నుంచి వేలాది కుటుంబాలు కువైట్‌ సంపాదన మీద నిలబడ్డాయి. ఫోను చౌక కాకముందు నీలి, ఎరుపు అంచుల ఎయిర్‌మెయిల్‌ కవరు వచ్చిన ఇంట్లో చదవగలిగిన పిల్లాణ్ణి పిలిపించి చదివించుకునేవారు. ఇప్పుడా కవర్లు లేవు. కానీ గల్ఫు ప్రయాణం నేటికీ పోస్టాఫీసు నుంచే మొదలవుతుంది: కడపలోనూ కర్నూలులోనూ పోస్టాఫీసు పాస్‌పోర్టు సేవా కేంద్రాలు ఉన్నాయి, పాస్‌పోర్టు చేతికొచ్చేది స్పీడ్‌ పోస్టులోనే.

ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న పక్కనున్న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైంది. తొలి ఏళ్ళలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ ప్రభుత్వం కూలి డబ్బును చాలావరకు పోస్టాఫీసు ఖాతాల ద్వారానే చెల్లించింది. కరువు పని కూలిని మేస్త్రీ చేతిలో కాక పాసుబుక్కులో చూసుకోవడం ఎందరికో అప్పుడే మొదలు.

బ్రాంచి పోస్టాఫీసు

పల్లెలో తపాలా అంటే బ్రాంచి పోస్టాఫీసు. ఇది చాలాచోట్ల సర్కారు కట్టడం కాదు. బ్రాంచి పోస్టుమాస్టరు తన ఇంట్లో వసారానో ముందు గదో చూపించి నడపాలి. బల్ల, తూకం, తేదీ మార్చుకునే ముద్ర, సిరా మెత్త, రిజిస్టర్లు, గోడకు వడ్డీ రేట్ల కాగితం, తపాలా సంచి: ఇవే సరంజామా. ఉదయం సబ్‌ పోస్టాఫీసు నుంచి సంచి వస్తుంది, చాలా దారుల్లో బస్సు మీదే. సీలు చూసి, విప్పి, లెక్కతో సరిచూసుకుని, ముద్ర కొట్టి ఊరి వారీగా వేరు చేస్తారు. మధ్యాహ్నం లోపు తిరుగు సంచి కట్టేయాలి. బస్సు తప్పితే ఆ రోజు టపా తప్పినట్టే. 2017 చివర్లో మొదలైన ‘దర్పణ్‌’ పథకంతో ఈ ఆఫీసులకు చేతిలో పట్టే యంత్రాలు వచ్చాయి. సిగ్నల్‌ దొరికే చోటు వెతుక్కుంటూ మిద్దె మీదికో రచ్చబండ దగ్గరికో నడిచే పోస్టుమాస్టర్లు ఈ జిల్లాల్లో కొత్త కాదు.

వీళ్ళను గ్రామీణ డాక్‌ సేవకులంటారు. శాశ్వత ప్రభుత్వోద్యోగులు కారు. కమలేశ్‌ చంద్ర కమిటీ తర్వాత 2018 జూలై నుంచి బ్రాంచి పోస్టుమాస్టరుకు నాలుగు గంటల పనికి నెలకు 12,000, ఐదు గంటలకు 14,500 మూల భత్యంగా నిర్ణయించారు. సహాయకులకు 10,000, 12,000. దేశంలోని దాదాపు 1.65 లక్షల పోస్టాఫీసుల్లో పదింట తొమ్మిది పల్లెల్లోనే ఉన్నాయి. స్వాతంత్ర్యం వచ్చేనాటికి మొత్తం ఉన్నవి 23,344. ఇంత వ్యవస్థ ఇంత తక్కువ ఖర్చుతో పల్లెకు చేరిందంటే ఆ భారంలో పెద్ద భాగం మోసింది ఈ సేవకులే. తపాలా నష్టాల గురించి మాట్లాడేవారు ముందు ఈ మాట చెప్పి మొదలుపెట్టాలి.

ధరలు: ఆగినవి, పెరిగినవి, మాయమైనవి

కార్డు ధర 1879లో కాణీ, 1922లో అర్ధణా, దశాంశ నాణేలు వచ్చిన 1957లో ఐదు నయా పైసలు. 2000ల తొలి ఏళ్ళలో యాభై పైసలకు చేరి ఆ తర్వాత రెండు దశాబ్దాలు దాటినా అక్కడే ఉంది. ఇన్‌లాండ్‌ లెటరు రెండున్నర, ఇరవై గ్రాముల కవరు ఐదు రూపాయలు కూడా ఆ కాలానివే. 2002లో వచ్చిన మేఘదూత్‌ కార్డు చిరునామా వైపు ప్రకటన వేసుకుని పావలాకే దొరికింది. 2019లో వెల్లడైన శాఖ లెక్కల ప్రకారం ఒక్కో కార్డు మీద అయ్యే ఖర్చు 12.15 రూపాయలు, వచ్చేది యాభై పైసలు. 2018–19లో శాఖ మొత్తం లోటు 15,000 కోట్లకు చేరింది. శాఖ ఖర్చులో సింహభాగం జీతాలు, పింఛన్లే.

కార్డు ధర ఎందుకు ఆగిందన్నదానికి జవాబు చట్టంలో ఉంది. 1898 నాటి భారత తపాలా చట్టంలో ఉత్తరాల ధరలు షెడ్యూలులో రాసి ఉండేవి. వాటిని మార్చాలంటే బడ్జెట్‌తో పాటు పార్లమెంటు ముందుకు రావాల్సిందే. కార్డు మీద పది పైసలు పెంచినా సభలో గొడవ, మర్నాడు పత్రికల్లో పతాక శీర్షిక. అందుకని ప్రభుత్వాలు ఆ జోలికి పోలేదు. 2024 జూన్‌ 18న అమల్లోకి వచ్చిన 2023 నాటి పోస్టాఫీసు చట్టం ఆ పద్ధతిని తీసేసింది. ఇప్పుడు ధరలు నిర్ణయించే అధికారం డైరెక్టర్‌ జనరల్‌ చేసే నిబంధనలది. అదే చట్టంలో ఉత్తరాల మోత మీద ప్రభుత్వానికి ఉన్న ఏకైక హక్కు కూడా పోయింది, బిళ్ళలు జారీచేసే హక్కు ఒక్కటే మిగిలింది. పాత చట్టం బ్రిటిషు పాలకులది, ఉత్తరాలు విప్పి చూసే అధికారం అందులోనూ ఉంది, ఇందులోనూ ఉంది. కానీ ధర విషయంలో పాత చట్టమే ప్రజలకు ఎక్కువ జవాబుదారీగా ఉండేదని ఒప్పుకోక తప్పదు.

అసలు పెద్ద మార్పు 2025లో వచ్చింది. సెప్టెంబరు 1 నుంచి దేశం లోపలి రిజిస్టర్డ్‌ పోస్టును స్పీడ్‌ పోస్టులో కలిపేశారు. 1986 ఆగస్టు 1న మొదలైన స్పీడ్‌ పోస్టు ధరలను 2012 అక్టోబరు తర్వాత తొలిసారి సవరించి 2025 అక్టోబరు 1 నుంచి అమలు చేశారు. రిజిస్టర్డ్‌ ఉత్తరాలు 2011–12లో 24.44 కోట్లు ఉంటే 2019–20 నాటికి 18.46 కోట్లకు తగ్గాయన్నది విలీనానికి చూపిన కారణాల్లో ఒకటి.

పల్లె మనిషి జేబు మీద దీని బరువు ఎంతో ఒక ఉదాహరణతో చూద్దాం. ఆలూరు దగ్గరి రైతు తన పొలం సర్వేలో తప్పు పడిందని విజయవాడలోని కార్యాలయానికి అర్జీ పంపాలి. ఒక కాగితం, రెండు జిరాక్సులు, ఇరవై గ్రాములు మించదు. పాత పద్ధతిలో కవరుకు ఐదు, రిజిస్ట్రేషనుకు పదిహేడు, మొత్తం 22 రూపాయలు. పన్ను కలిపితే 25.96. ఇప్పుడు పట్టణం దాటే ఉత్తరానికి యాభై గ్రాముల లోపు 47, ఫలానా మనిషికే అందాలని రిజిస్ట్రేషను జోడిస్తే ఇంకో ఐదు, పన్నుతో 61.36. రెండింతల మీద మరికొంత. అదే ఒకే పట్టణంలో పంపుకుంటే 47 బదులు 19కి అయిపోతుంది. ఊరు ఎంత చిన్నదైతే ఆ 19 రూపాయల మెట్టు అంత తక్కువగా అక్కరకొస్తుంది, ఎందుకంటే పల్లెవాసికి పని ఉన్న ఆఫీసులన్నీ పల్లె బయటే ఉంటాయి.

మరో వైపు కూడా చెప్పాలి. బరువైన కవర్లకు కొత్త ధర తక్కువే. పావు కిలో కవరు పాత రిజిస్టర్డ్‌ లెక్కలో 82 రూపాయలయ్యేది, కొత్తదాంట్లో 200 కిలోమీటర్ల లోపు 59, రెండు వేలు దాటినా 77, రిజిస్ట్రేషను అదనం. వేగం, ట్రాకింగు, ఓటీపీతో బట్వాడా లాంటివి నిజమైన మెరుగుదలలే, విద్యార్థులకు పది శాతం తగ్గింపు కూడా ఉంది. కానీ ఆ అంకెల్లోనే ఇంకొకటి ఉంది. యాభై గ్రాములు దాటాక ధర కిలోమీటర్లను బట్టి మారుతోంది. 1854లో తీసేసిన దూరాల పట్టిక రిజిస్టరు ఉత్తరం మీదికి తిరిగి వచ్చింది. పేదవాడు ప్రభుత్వంతో మాట్లాడే సాధనం రిజిస్టర్డ్‌ పోస్టు. పంపినట్టు రుజువు, అందినట్టు సంతకం, కోర్టులో చెల్లే కాగితం అందులోనే దొరికేవి. వేగం అడగని ఆ మనిషి చేత వేగానికి డబ్బు కట్టించడం సరికాదు.

పుస్తకాలది ఇంతకంటే బాధాకరమైన కథ. రిజిస్టర్డ్‌ బుక్‌ పోస్టులో ఐదు కిలోల పుస్తకాల కట్ట దేశంలో ఎక్కడికైనా సుమారు 80 రూపాయలకు వెళ్ళేది. 2024 డిసెంబరు 18న ఆ సేవను ఆపేశారు, ముందుగా చెప్పిందీ లేదు. రాచమల్లు రామచంద్రారెడ్డి సంపాదకత్వాన 1968లో కడప నుంచి మొదలైన ‘సంవేదన’ లాంటి పత్రికలు ఈ నేలలో పుట్టి తెలుగునాడంతా తిరిగాయంటే అది చౌక తపాలా పుణ్యమే. పుస్తకాల దుకాణాలు తక్కువైన ఈ జిల్లాల్లో రచయిత తన పుస్తకాన్ని తానే కట్ట కట్టి పంపుకోవడం అలవాటు. పుస్తకం వెల నూరు, పంపే ఖర్చు అంతకు దగ్గరగా అయితే పంపడం మానేస్తాడు, మానేశాడు కూడా.

విమర్శలు రావడంతో 2025 మే 1 నుంచి ‘జ్ఞాన్‌ పోస్ట్‌’ తెచ్చారు. 300 గ్రాముల దాకా 20, ఐదు కిలోలకు గరిష్ఠంగా 100, పన్ను అదనం. రోడ్డు, రైలు మార్గాల్లోనే పోతుంది, ట్రాకింగు ఉంటుంది. ఇది మంచి పని, ఆ మేరకు శాఖను మెచ్చుకోవాలి. అయితే ఇది పత్రికలకు వర్తించదు, ప్రచురణకర్త పేరు అచ్చులో ఉండాలి. నమోదైన వార్తాపత్రికలకు వేరే రాయితీ ఉంది. నమోదు లేని చిన్న సాహిత్య పత్రిక ఈ రెండింటి మధ్యా నలుగుతోంది.

ఇతర దేశాల్లో

ఉత్తరాలు తగ్గడం, తగ్గినకొద్దీ ధర పెరగడం, పెరిగినకొద్దీ ఇంకా తగ్గడం ప్రపంచమంతటా కనిపిస్తున్నదే. అమెరికాలో మామూలు ఉత్తరం బిళ్ళ 2007లో 41 సెంట్లు, 2025 జూలైలో 78. బ్రిటన్‌లో 2013లో ప్రైవేటు పరమైన రాయల్‌ మెయిల్‌ ఫస్ట్‌ క్లాస్‌ బిళ్ళను 2025 ఏప్రిల్‌లో 1.70 పౌండ్లు చేసింది, సెకండ్‌ క్లాస్‌ ఉత్తరాలను రోజు విడిచి రోజు పంచే పద్ధతిని జూలైలో మొదలుపెట్టింది. డెన్మార్క్‌ ఇంకా దూరం వెళ్ళింది. 1624 నుంచి సాగిన ప్రభుత్వ తపాలా ఉత్తరాల బట్వాడాను 2025 డిసెంబరు 30తో ముగించి, ఎర్ర డబ్బాలను తీసేసింది. అక్కడ 2000 నుంచి ఉత్తరాలు తొంభై శాతానికి పైగా పడిపోయాయి, ప్రభుత్వ వ్యవహారం మొత్తం డిజిటల్‌ పెట్టెలోకి మారింది. డెన్మార్క్‌లో సాధ్యమైంది కదా అని మనకు చెప్పేవారు కర్నూలు జిల్లా కౌతాళం మండలంలో ఎంతమందికి ఈమెయిల్‌ ఉందో ముందు కనుక్కోవాలి.

అమెరికా తీసుకున్న ఒక నిర్ణయం మాత్రం ఈ జిల్లాలకు నేరుగా తగిలింది. తక్కువ విలువ వస్తువులపై సుంకం మినహాయింపును 2025 ఆగస్టులో రద్దు చేయడంతో ఇండియా పోస్టు 25వ తేదీ నుంచి అక్కడికి పార్సిళ్ళు ఆపేసింది. దసరా నాడు కొడుకుకో కూతురికో పంపాల్సిన అరిసెలు, ఊరగాయలు, చీరలు ఇళ్ళలోనే ఆగిపోయాయి. సుంకాన్ని ఇక్కడే ముందుగా కట్టించుకునే పద్ధతితో అక్టోబరు 15న సేవ మళ్ళీ మొదలైంది.

ముందున్న కాలం

శాఖ తన భవిష్యత్తును మూడు చోట్ల చూసుకుంటోంది: పార్సిలు, బ్యాంకు, చిరునామా. పార్సిలులో ఆర్టీసీ కార్గో, ప్రైవేటు కొరియర్లు గట్టి పోటీ. అవి బస్టాండు ఉన్న ఊరి దాకే వస్తాయి. అక్కడి నుంచి గుమ్మం దాకా వెళ్ళేది పోస్టుమ్యానే, శాఖ బలమూ అక్కడే ఉంది. 2018 సెప్టెంబరు 1న మొదలైన ఇండియా పోస్ట్‌ పేమెంట్స్‌ బ్యాంకుతో ఆధార్‌ వేలిముద్ర మీద ఇంటి దగ్గరే డబ్బు తీసుకోవడం కుదిరింది. మంచం దిగలేని ముసలివాళ్ళకు ఇది నిజంగా మేలు చేసింది. చిరునామా విషయంలో ఐఐటీ హైదరాబాద్‌, జాతీయ రిమోట్‌ సెన్సింగ్‌ కేంద్రంతో కలిసి తయారుచేసిన ‘డిజిపిన్‌’ 2025 మేలో విడుదలైంది. దేశాన్ని నాలుగు మీటర్ల చదరాలుగా విడగొట్టి ఒక్కో చదరానికి పది అక్షరాల గుర్తు ఇచ్చారు. ఇంటి నంబరు, వీధి పేరు లేని తండాలకూ, పొలాల్లోని ఒంటరి ఇళ్ళకూ ఇది ఉపయోగపడే పని.

వీటి మీద వచ్చే ఆదాయంతో ఉత్తరాన్ని బతికించవచ్చు, ఉత్తరాన్నే లాభాల్లోకి తేవాలని చూడటం వృథా. పల్లె రోడ్డు మీద టోలు వసూలు లేదని ఎవరూ దాన్ని నష్టంగా రాసుకోరు. తపాలా ఖర్చునూ అలాగే బడ్జెట్‌లో బహిరంగంగా చూపి భరించాలి. చేయదగ్గ మార్పులు పెద్దవి కావు. ట్రాకింగు ఉన్నా వేగం అక్కర్లేని ఒక చౌక రిజిస్టరు తరగతిని, జ్ఞాన్‌ పోస్ట్‌ లాగే రోడ్డు, రైలు మార్గాల్లో, దూరంతో పనిలేని ఒకే ధరకు తిరిగి తేవచ్చు. జ్ఞాన్‌ పోస్ట్‌ను చిన్న పత్రికలకు విస్తరించవచ్చు. అర్జీలు, సమాచార హక్కు దరఖాస్తులు, కోర్టు కాగితాలకు రాయితీ ఇవ్వవచ్చు. ఇవేవీ పార్లమెంటు దాకా వెళ్ళాల్సినవి కావు. ధరలు పెంచడానికి కొత్త చట్టం డైరెక్టర్‌ జనరల్‌కు ఇచ్చిన అధికారమే వీటికీ చాలు.